పేరు గొప్ప ఓర్వీ

కాత్యాయని గారిని మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లోని తెలుగువాళ్లందరూ పారిస్ ఆంటీ అంటారు. ఆవిడ పారిస్‌లో ఒక్క రోజు కూడా కాపురం ఉండలేదు. ఆ సంగతి ఆవిడ ముప్పై ఏళ్లుగా చెబుతూనే ఉంది, వాళ్లు ముప్పై ఏళ్లుగా విననట్టే ఉన్నారు. మనవాళ్ల భూగోళంలో ఫ్రాన్స్ అంటే పారిస్, పారిస్ అంటే ఈఫిల్ టవరు, ఈఫిల్ టవరు అంటే దాని ముందు నిలబడి దిగిన ఫొటో. ఆ ఫొటో లేని మనిషి అక్కడే పెరిగి పెద్దదయిందంటే నమ్మడం ఎవరికైనా కష్టమే.

ఆవిడ పుట్టింది యానాంలో. తాతగారు ఫ్రెంచి సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి. యానాం ఇండియాలో కలిసినప్పుడు ఎవరికి ఏ దేశం కావాలో తేల్చుకొమ్మన్నారు. ఊళ్లో చాలామంది ఇండియా అన్నారు. తాతగారు తన పింఛను ఎటు నుంచి వస్తుందో కనుక్కుని అటు అన్నారు. ఆ దేశభక్తి పుణ్యమా అని కాత్యాయని తొమ్మిదో ఏట తల్లిదండ్రులతో ఫ్రాన్స్‌లో దిగింది. తండ్రికి సినిమా రీళ్లు కడిగే ఫ్యాక్టరీలో పని దొరికింది. ఆ ఫ్యాక్టరీ ఉన్న ఊరు ఓర్వీ. పూర్తి పేరు ఓర్వీ-సుర్-మార్న్. సుర్ అంటే 'మీద' అని అర్థం, మన సురకూ దానికీ చుట్టరికం లేదు. అయితే ఆ ఊరి చరిత్ర చదివినవాళ్లకు ఉందేమోననే అనుమానం వస్తుంది.

పారిస్ నుంచి రైల్లో అరగంట. మార్న్ నది అక్కడ కొడవలిలా వంపు తిరుగుతుంది. ఒకప్పుడు ఆ వంపులో చేపలు పట్టేవాళ్లూ, పారిస్ ధనికుల దుప్పట్లు ఉతికే చాకలివాళ్లూ తప్ప ఎవరూ ఉండేవారు కాదు. అప్పుడు దాని పేరు ఉత్త ఓర్వీ. రైలు వచ్చాక మునిసిపాలిటీ వాళ్లకు జ్ఞానోదయమైంది. పేరు చివర నదిని తగిలిస్తే పట్నంవాళ్లు ఆదివారాలు గాలి మార్పుకు వస్తారని కనిపెట్టి 'మార్న్ మీది' అని కలిపారు. వాళ్లు వచ్చారు కూడా. ఒడ్డు పొడవునా చెక్క గుడిసెల్లో పుల్లటి తెల్ల ద్రాక్షసారాయీ, వేయించిన చిన్న చేపలూ అమ్మే నాట్యశాలలు లేచాయి. వారమంతా చాకిరీ చేసిన గుమాస్తాలు ఆదివారం అక్కడ తాగి, ఆడి, పడవల్లోంచి నదిలో పడేవారు. ఊరివాళ్లు వాళ్లను పైకి లాగి, మరో సీసా అమ్మి, వెనక తిట్టుకునేవారు. పారిస్ వాళ్లంటే ఓర్వీ వాళ్లకు పరమ అసహ్యం. పారిస్ వాళ్లు రాని ఆదివారమంటే అంతకన్నా భయం.

ఇదంతా కాత్యాయని బళ్లో చదువుకుంది, ఇంటి యజమానురాలైన ముసలావిడ నోట విన్నది, కొంత కళ్లారా చూసింది. పెళ్లయ్యేదాకా అక్కడే ఉంది. కాకినాడ సంబంధం వచ్చింది. ద్వారకానాథ్ గారు నేల పరీక్షలు చేసే ఇంజనీరు, అప్పటికే మెల్‌బోర్న్‌లో ఉద్యోగం. మార్న్ ఒడ్డు నుంచి ఆవిడ సరాసరి ఇక్కడికి వచ్చి బళ్లో ఫ్రెంచి చెప్పే పనిలో చేరింది. ఇండియా మనిషి ఫ్రెంచి ఏం చెబుతుందని తెల్లవాళ్లు సందేహించారు. ఇంత చదువూ చదివి లెక్కలు చెప్పకుండా ఫ్రెంచి ఎందుకు చెబుతోందని మనవాళ్లు జాలిపడ్డారు. ఇద్దరి మధ్యా ఆవిడ హాయిగా ఉద్యోగం చేసుకుని రిటైరయింది.

శివప్రసాద్ అనే కరీంనగర్ కుర్రాడి ఇంట్లో ఓ శనివారం బార్బెక్యూ జరిగింది. అతను సాఫ్ట్‌వేర్ మానేసి ఇళ్ల స్థలాలు అమ్ముతున్నాడు. మామూలుగానే ఎవరో పారిస్ అన్నారు. మామూలుగానే కాత్యాయని కాదు, ఓర్వీ అంది. మామూలుగా కానిది ఏమిటంటే, శివప్రసాద్ కుర్చీ దగ్గరికి లాక్కుని ఆ ఊరి గురించి అడగడం. నది ఎలా ఉంటుంది, ఒడ్డున ఏముంటాయి, పేరెలా పలకాలి అని గంటసేపు అడిగాడు. ముప్పై ఏళ్లలో ఆవిడ మాట శ్రద్ధగా విన్న మొదటి మనిషి అతనే. ఇంటికి వెళ్తూ దారి పొడవునా ఆ కుర్రాడి సంస్కారాన్ని మెచ్చుకుంది. స్థలాలు అమ్ముకునేవాడు శ్రద్ధగా వింటున్నాడంటే ఏదో కొలుస్తున్నాడని ఆవిడకు తట్టలేదు.

ఏడాది తిరిగేసరికి క్రెయిగీబర్న్ దాటి ఉత్తరంగా, గొర్రెలు మేసిన ఎండు బయలులో పెద్ద బోర్డు వెలిసింది. దాని మీద టోపీ పెట్టుకున్న ఓ తెల్లమ్మాయి సైకిల్ బుట్టలో పొడుగు రొట్టె పెట్టుకుని నవ్వుతోంది. కింద 'ఓర్వీ: ఫ్రెంచి నదీతీర జీవితం' అని ఉంది. నది అన్నది అక్కడున్న ఓ వాగు. దాన్ని నది అనడానికి ముందు వాగు అనడానికే ధైర్యం కావాలి, ఏడాదిలో తొమ్మిది నెలలు దాని అడుగున కంగారూలు పడుకుంటాయి. వాన నీళ్లు నిలబెట్టడానికి దాని పక్కనే తవ్విన గుంటకు 'మార్న్ లేక్' అని పేరు పెట్టారు. ప్రధాన వీధి పేరు 'రూ ద ఓర్వీ స్ట్రీట్'. రూ అంటేనే వీధి. అంటే ఓర్వీ వీధి వీధి.

కాత్యాయని కారు పక్కకు ఆపించి ఆ బోర్డు మొత్తం రెండుసార్లు చదివింది. ద్వారకానాథ్ గారు ఇంజను ఆపకుండా ఎదురుగా రోడ్డునే చూస్తూ కూర్చున్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నేర్చుకున్న నేల పరీక్ష అదొక్కటే, ఎక్కడ అడుగు వెయ్యకూడదో తెలుసుకోవడం.

వారంలోపే శివప్రసాద్ మిఠాయి పెట్టెతో ఇంటికి వచ్చాడు. తప్పు చేసిన మొహం కాదు, మేలు చేసిన మొహం.

"ఆంటీ, మీ ఊరి పేరు మా డెవలపర్ సార్‌కు మస్తు నచ్చింది. ఓపెనింగ్ నాడు మీరు జర వచ్చి ఐదు నిమిషాలు హిస్టరీ చెప్పుండ్రి. వరదలు గిట్ల నెగెటివ్ ఏం వద్దు, ఓన్లీ వైబ్."

ఆవిడ రానంది. ఊరు పేరు దొంగిలించి గుంటకు తగిలించినవాడి దుకాణంలో తనకు పనిలేదంది. శివప్రసాద్ నొచ్చుకోకుండా ద్వారకానాథ్ గారి వైపు తిరిగి, మోకాళ్ల నొప్పులవాళ్లకు మెట్లు లేని ఇల్లు ఎంత సుఖమో, మూల స్థలం ఒకటి ఇంకా ఎవరికీ చూపించకుండా ఎలా దాచాడో చెప్పుకొచ్చాడు. అతను వెళ్లాక ద్వారకానాథ్ గారు టీ కప్పులోకి చూస్తూ, "వెళ్దాంలే. మాటిచ్చేశాను" అన్నారు. ఏ మాట, వెళ్తామన్న మాటా, స్థలం మాటా అని ఆవిడ అడిగింది. ఆయన రెండూ అన్నారు.

ఓపెనింగ్ రోజు ఆ బయలంతా తెలుగు, పంజాబీ, మలయాళం మాటలతో నిండిపోయింది. టోపీలు పెట్టుకున్న యూనివర్సిటీ పిల్లలు అలాంటి టోపీలూ, చిన్న చిన్న ఫ్రెంచి తీపి బిస్కట్లూ పంచారు, పక్కనే పొయ్యి మీద సాసేజీలు కాలుతున్నాయి. అకార్డియన్ వాయించడానికి తెచ్చిన ఇటలీ పెద్దాయనకు ఫ్రెంచి పాటలు రావు. ఫరవాలేదన్నారు.

కాత్యాయని మైకు పట్టుకుంది. వైబ్ అంటే ఏమిటో ఆవిడకు తెలియదు, తెలిసింది చెప్పింది. ఓర్వీలో నది అందమైనదే గానీ నమ్మదగినది కాదంది. మూడు నాలుగు తరాలకోసారి ఇళ్లలోకి వచ్చేదనీ, మార్న్ పొంగిన ఓ చలికాలం జనం కిటికీల్లోంచి పడవల్లోకి దిగారనీ, ఆ నీటి మట్టం గీతలు ఊరి గోడల మీద ఇప్పటికీ ఉన్నాయనీ చెప్పింది. తాను చూస్తుండగానే సినిమా ఫ్యాక్టరీ మూతపడి అపార్ట్‌మెంట్లయిందంది. నాట్యశాలల్లో ఒకటి మిగిలితే దానికి చరిత్ర అని పేరు పెట్టి మూడు రెట్లు వసూలు చేస్తున్నారంది. చివర మాట మట్టుకు మెత్తబడింది.

"అయినా ఆ ఊరు వదిలి ఎవరూ పోలేదు. సాయంత్రం పూట ఆ వంపు దగ్గర నిలబడితే ఎందుకు పోలేదో తెలుస్తుంది. అది మాత్రం ఎవరూ కట్టించి ఇవ్వలేరు."

శివప్రసాద్ మొహం మాడిపోతుందని ఆవిడ అనుకుంది. అతను చప్పట్లు కొడుతూ వచ్చి మైకు అందుకున్నాడు. చూశారుగా, అన్ని వరదలొచ్చినా ఒక్కరు కూడా అమ్ముకోలేదట, అదీ లొకేషన్ అంటే అన్నాడు. తరువాత ప్రశ్నలు అడగమంటే అందరూ తూర్పు ముఖం స్థలాలు ఎన్ని మిగిలాయని అడిగారు. సాయంత్రానికి ఏవీ మిగలలేదు.

ఇల్లు పూర్తయి వాళ్లు అందులోకి మారారు. కాత్యాయని ఆ పేరును నాలుక మీదికి రానిచ్చేది కాదు, ఎవరైనా అడ్రసు అడిగితే క్రెయిగీబర్న్ పైన అనేది. కానీ మార్చి నెల సాయంత్రాలు ఆ గుంట చుట్టూ నడవడం మొదలుపెట్టింది. తుంగ ఏపుగా పెరిగింది. నీళ్ల మీద ఎర్రటి ఎండ పడేది. ఓ చోట నిలబడి కళ్లు సగం మూస్తే అవతలి గట్టు వంపు తిరిగినట్టే ఉండేది. ఈ సంగతి ఆవిడ మొగుడితో కూడా అనలేదు. ఆయన రోజూ పక్కనే నడుస్తూ ఆవిడ ఆగినచోట ఆగి, బూటు లేసు కట్టుకుంటున్నట్టు నటించేవారు.

ఆ ఓర్వీకి రాకపోకలకు ఒకటే దారి. ఆ దారి వాగును దాటే చోట కిందికి దిగి మళ్లీ పైకి ఎక్కుతుంది. వంతెన ఎందుకు కట్టలేదంటే వాగులో నీళ్లుండవు గనక. అమ్మేటప్పుడు నది, కట్టేటప్పుడు ఎండు వాగు. రెండో చలికాలం మూడు రోజులు ఆగకుండా వాన పడింది. వాగు తన గురించి బోర్డులో రాసింది అప్పుడే చదివినట్టు లేచి దారి మీదికి వచ్చింది. ఊరు ఊరంతా ద్వీపమైపోయింది.

ఆఫీసులవాళ్లకు ఇబ్బంది లేదు, ఇంట్లోంచి పనిచేస్తామన్నారు. ఎదురింటి కుసుమకు ఆ సుఖం లేదు. ఆమె నర్సు, తెనాలి అమ్మాయి. తన డ్యూటీ పోతే పోయింది, కానీ అత్తగారు శాంతమ్మకు డయాలిసిస్ రోజు దాటిపోయింది. తెల్లారేసరికి పెద్దావిడ కాళ్లు పొంగాయి, ఊపిరి బరువెక్కింది. కుసుమ మొగుడు కారుతో వాగు దాకా వెళ్లి, చక్రాలు మునిగేదాకా దిగి, వెనక్కి వచ్చాడు. కుసుమ మామూలుగా గొంతు పెంచే మనిషి కాదు. కాత్యాయని తలుపు కొట్టి, "ఆంటీ, ఇంకో పూట ఆగదు. నేను రోజూ చూసే పనే ఇది, నాకు తెలుసు" అని నిలబడిపోయింది.

అత్యవసర సేవల వాలంటీర్లకు ఫోన్ చేశారు. నారింజరంగు చొక్కాలవాళ్లు గాలి పడవ వేసుకుని వచ్చారు. శాంతమ్మను దుప్పట్లో చుట్టి, కాత్యాయని ఒక రెక్క, కుసుమ ఒక రెక్క పట్టుకుంటే చొక్కాలవాళ్లు కాళ్లెత్తి మోసుకుంటూ గట్టు దింపారు. నీళ్లు గోధుమరంగులో సుళ్లు తిరుగుతున్నాయి. పడవ కదలబోతుండగా శాంతమ్మ కాత్యాయని చెయ్యి వదలకుండా ఆయాసపడుతూ అంది:

"కిష్టా వరదల్లో కూడా పడవెక్కలేదు తల్లీ. విమానమెక్కి వచ్చి ఇక్కడెక్కాను."

వేళకు ఆసుపత్రి చేరింది, బతికింది. వారంలో ఇంటికి వచ్చింది. ఈలోగా ఎవరో తీసిన పడవ ఫొటో ఫేస్‌బుక్‌లో తిరిగింది. నారింజ పడవ, చుట్టూ నీళ్లు, మధ్యలో చీర కొంగు కప్పుకున్న పెద్దావిడ. శివప్రసాద్ ఆఫీసు పేజీలో ఎవరో తెలియక దాన్ని పంచుకుని, నదీతీర క్షణాలు అని రాశారు. సాయంత్రానికి తీసేశారనుకోండి.

కాత్యాయని మీటింగు పెట్టింది. ఖాళీ చేసిన సేల్స్ ఆఫీసులో కుర్చీలు వేయించి, రెండో దారి కోసం మునిసిపల్ కౌన్సిల్ మీద పడదామంది. పిలిస్తే ఊరంతా వచ్చింది. డాక్టర్లు, ఇంజనీర్లు, ప్రొఫెసర్లు, పేరు వెనక అక్షరాలు లేనివాళ్లు తక్కువ. అందరూ వాగు ఎంత లోతు వచ్చిందో, తమ కారు ఎలా తప్పించుకుందో ముచ్చటగా చెప్పుకున్నారు. వినతి మీద సంతకం అనేసరికి గది చల్లబడింది. ఇది పేపర్లోకి వస్తుందా అని ఓ గుండె డాక్టరు అడిగాడు. వస్తే మంచిదే కదా అంది ఆవిడ. వస్తే ఇళ్ల రేట్లు పడిపోవూ అన్నాడాయన. ఆ మాటతో జనానికి ఒక్కసారిగా ఇళ్లలో పొయ్యి మీద పెట్టినవన్నీ గుర్తొచ్చాయి. వరదకు బెదరని గుండెలన్నీ ధరకు బెదిరాయి. కుసుమ దంపతులూ, ఆ అకార్డియన్ పెద్దాయనా, ఇంకో నలుగురూ మిగిలారు. అకార్డియన్ ఆయన కూడా ఆ రోజు మురిపానికి పడి ఓ స్థలం కొనేశాడని అప్పుడే తెలిసింది.

మిగిలినవాళ్లకు కాత్యాయని మైకులో చెప్పని కథ చెప్పింది. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఓర్వీలో కోట ఆసామి తన తోటను ముక్కలు కోసి, నది గాలి, రైలు దగ్గర అని కాగితాలు పంచి, పారిస్ ట్రాము కండక్టర్లకూ గుమాస్తాలకూ అమ్ముకున్నాడట. డబ్బు చేతిలో పడ్డాక దారి లేదు, కాలువ లేదు, దీపం లేదు. జనం మోకాలి లోతు బురదలో నడిచి స్టేషన్‌కు వెళ్లేవారు. బురద చెప్పులు స్టేషన్ పక్కన కాఫీ కొట్లో వదిలి, శుభ్రమైనవి వేసుకుని రైలెక్కేవారు. వినతులు ఇచ్చి ఇచ్చి విసిగి, ఓ రోజు ఆడవాళ్లంతా ఆ బురద చెప్పులు తీసుకెళ్లి మేయరు బల్ల మీద బోర్లించి వచ్చారట. చిన్నప్పటి తమ ఇంటి యజమానురాలి తల్లి అందులో ఒకతె.

చెబుతూ చెబుతూ కాత్యాయని మధ్యలో ఆగిపోయింది. తన ఊరిని దొంగిలించి నకలు చేశారని ఇన్నాళ్లుగా కుమిలింది. ఇప్పుడు చూస్తే ఆ ఊరూ ఓ శివప్రసాద్ అమ్మిందే. పేరు చివర నది తగిలించిందీ ఓ శివప్రసాదే.

"నయం, మనకి టోపీలైనా ఇచ్చారు" అన్నారు ద్వారకానాథ్ గారు.

కౌన్సిల్ మీటింగు రోజు అంతా రబ్బరు బూట్లు బురదతో సహా సంచుల్లో వేసుకుని వెళ్లారు. పేపరువాళ్లను కూడా పిలిచారు. ప్రశ్న అడగడానికి రెండు నిమిషాలిస్తారు. కాత్యాయని ప్రశ్న అడగలేదు, బళ్లో పిల్లల పరీక్ష కాగితాలు పెట్టినంత నెమ్మదిగా బూట్లు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. బురద వార్నిష్ మీదికి జారింది. ఓ ఉద్యోగి పరిగెత్తుకొచ్చి కింద కాగితం వేస్తానన్నాడు. వేయనిచ్చింది. చివరన కుసుమ తన అత్తగారి ఉన్ని చెప్పులు పెట్టింది. వాటికి బురద లేదు, పడవలోకి ఎత్తుకుని ఎక్కించారు గనక.

కౌన్సిల్ సత్వరం స్పందించింది. వాగు దగ్గర 'దారి మీద నీరు ఉండవచ్చు' అని పసుపు బోర్డు పెట్టింది. లోతు కొలుచుకోవడానికి అంకెల స్తంభం కూడా పాతింది, మునిగేవాడు ఎంత మునిగాడో తెలుసుకోవడం వాడి హక్కు గనక. అసలు దారి మాత్రం పేపర్లో బూట్ల ఫొటో వచ్చి, ఆపైన ఎన్నికలు దగ్గర పడ్డాక గానీ కదలలేదు. ఇళ్ల రేట్లు పడలేదు. రెండో దారి వస్తోందని తెలిసి పెరిగాయి. ఆ గుండె డాక్టరు తాను మొదటి నుంచీ ఈ ఉద్యమంలో ఉన్నానని చెప్పడం మొదలుపెట్టాడు.

దారి ప్రారంభానికి రిబ్బను కట్టారు. డెవలపర్ తన దూరదృష్టి గురించి మాట్లాడాడు. కౌన్సిల్ తన దూరదృష్టి గురించి మాట్లాడింది. శివప్రసాద్ కాత్యాయని దగ్గరికి వచ్చి, కొంచెం తల వంచి, "నాది తప్పయింది ఆంటీ, ఆ ముసలామె పడవల పోతుంటె చూసి నిద్ర పట్టలే" అన్నాడు. నిజంగానే అన్నాడు. ఆవిడ అతని భుజం తట్టింది. అతను కళ్లు తుడుచుకుని, రెండో దశ స్థలాలకు రెండు దారులున్న ఊరని రాయొచ్చా అని అడిగాడు.

మరునాడు పొద్దున్నే ఆవిడ శాంతమ్మను ఆసుపత్రికి తానే తీసుకెళ్తానంది. కొత్త దారి నల్లగా, ఎత్తుగా, వాగుకు అందనంత పైన ఉంది. మొదటి మలుపు దాకా హాయిగా వెళ్లారు. మలుపు తిరిగేసరికి కార్లు బారులు తీరి ఆగి ఉన్నాయి. అవతల కొత్తగా వెలిసిన 'టస్కనీ హైట్స్' కాలనీ వాళ్లకు ఈ దారి దగ్గర దారి అని తెలిసిపోయింది. ముందు కార్లలో వాళ్లెవరూ ఓర్వీ మనుషులు కారు.

"ఎవరమ్మా వీళ్లంతా?" అంది శాంతమ్మ.

"బయటివాళ్లండీ" అంది కాత్యాయని. ఆ మాట ఎంత కారంగా వచ్చిందంటే, వెనక సీట్లో కునుకు తీస్తున్న ద్వారకానాథ్ గారు కళ్లు తెరిచారు. ఆవిడ అద్దంలో ఆయన్ని చూసి, గురువారం సాయంత్రం మీటింగుకు సేల్స్ ఆఫీసు తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోమంది.